పాపకి నాలుగు నెలలుగా నెలసరి రాలేదు, బ్యాలే మాన్పించాలా?

ప్రశ్న: అక్కా, మాది కడప. మా పాపకి 14 ఏళ్ళు, తొమ్మిదో తరగతి. బెంగళూరులో ఉన్నప్పుడు ఎనిమిదో ఏట బ్యాలే క్లాసులో చేర్పించినాం. పోయిన సంవత్సరం ఆయనకి ట్రాన్స్‌ఫర్ అయ్యి ఈడికి వచ్చేసినాం. ఇప్పుడు వారానికి నాలుగు రోజులు ఆన్‌లైన్ క్లాసు, నెలకోసారి బెంగళూరు పోయొస్తాం. ఇంట్లో హాల్లో బండల మీదే ప్రాక్టీసు. రెండు నెలల నుంచి కుడిపాదం పైన నొప్పి అంటాంది, ఎగిరితే ఎక్కువ, కూర్చుంటే తగ్గుతుందంట. బొటనవేళ్ళ గోర్లు నల్లగా అయినాయి. అన్నం, సంగటి మానేసి రెండు పుల్కాలతో సరిపెడ్తాంది. పన్నెండో ఏట పెద్దమనిషి అయింది, అప్పటి నుంచి మామూలుగానే ఉండేది, ఇప్పుడు నాలుగు నెలలుగా నెలసరి లేదు. మా అత్తేమో ఆ గౌన్లేంది, ఆ ఎగరడమేంది, నేర్పిస్తే కూచిపూడి నేర్పించు అంటాది. చిన్నోడు అక్కని చూసి కాలు లేపితే వాళ్ళ నాయన తిట్టినాడు. స్కూల్లో పాపకి ఒక్క ఫ్రెండ్ లేదు. మాన్పిస్తానంటే రెండు రోజులు ఏడ్చింది. ఏం చెయ్యాల?

సమాధానం: చెల్లీ, మాన్పించాలా వద్దా అనేది కాసేపు పక్కన పెట్టు, దానికంటే ముందు చెయ్యాల్సింది ఒకటుంది. పాదం నొప్పి, తిండి తగ్గడం, నెలసరి ఆగడం అని నువ్వు మూడు వేరే వేరే కష్టాలుగా రాసినావు గానీ నాకైతే అవి మూడూ ఒకటే కష్టంగా కనిపిస్తున్నాయి. ఈ వారంలోనే డాక్టరు దగ్గరికి పోవాల. బెంగళూరు పోయే రోజు దాకా ఆగొద్దు, స్కూలు పరీక్షలు అయిపోనీలే అని కూడా ఆగొద్దు.

ఎందుకు ఒకటే అంటున్నానో చెప్తా. ఎదిగే పిల్ల, పైగా వారానికి నాలుగు రోజులు గంటలు గంటలు ఒళ్ళు వంచి ప్రాక్టీసు, తినేదేమో రెండు పుల్కాలు. ఇంట్లో జీతం సగమైతే మనం ముందు కొత్త చీరలు, సినిమాలు ఆపేసి బియ్యం, కరెంటు బిల్లు నిలుపుకుంటాం కదా, ఒళ్ళు కూడా అట్లనే గుండె, మెదడు నడవాలి కాబట్టి వాటికి ముందు పెట్టి నెలసరిని ఆపేస్తుంది. తిండి చాలట్లేదని తెలిసినాక మెదడు నుంచి అండాశయాలకి పోయే సిగ్నల్ తగ్గిపోతుంది, ఈస్ట్రోజన్ పడిపోతుంది, ఈస్ట్రోజన్ పడిపోతే ఎముక గట్టిపడడం ఆగుతుంది. అమెరికా స్పోర్ట్స్ డాక్టర్లు ఈ మూడింటినీ, అంటే తిండి, నెలసరి, ఎముక, కలిపి ఒకటే జబ్బుగా చూడాలని 1992 నుంచి చెప్తా వస్తున్నారు, 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ వాళ్ళు ఇది ఆడపిల్లలకే కాదు మగపిల్లలకీ వస్తుంది, గుండె, రోగనిరోధక శక్తి, ఎదుగుదల అన్నిటి మీదా పడుతుంది అని ఇంకా పెద్దగా చేసి చెప్పినారు. మనిషి జన్మలో ఎముకలు బాగా గట్టిపడేది ఈ టీనేజీలోనే. 14 ఏళ్ళప్పుడు పోగొట్టుకున్న ఎముక బలాన్ని 30 ఏళ్ళప్పుడు పాలు తాగి పూర్తిగా తెచ్చుకోలేం. "డాన్స్ చేసే పిల్లలకి నెలసరి ఆగడం మామూలేలే" అని ఎవరైనా అంటే, అది టీచర్ అయినా సరే, నమ్మొద్దు. మామూలు కాదు.

ఇప్పుడు పాదం సంగతి. సాయంత్రం పాపని మంచం మీద కూర్చోబెట్టి కాలు నీ ఒళ్ళో పెట్టుకో. పాదం పైన వేళ్ళ దగ్గర నుంచి చీలమండ వైపు పోయే సన్నటి పొడుగు ఎముకలు ఐదు తగుల్తాయి. నీ బొటనవేలితో ఒక్కో ఎముక మీద మెల్లగా నొక్కుకుంటా రా, ముఖ్యంగా రెండో వేలు, మూడో వేలు ఎముకలు. పాదమంతా కొంచెం కొంచెం నొప్పి అంటే అలసట కావచ్చు, కానీ ఒక్కచోట, వేలి కొన పట్టేంత జాగాలో "అమ్మా, ఈడనే" అని కాలు లాక్కుంటే అది స్ట్రెస్ ఫ్రాక్చర్ కావచ్చు, అంటే ఒకేసారి విరగడం కాదు, అదే చోట మళ్ళీ మళ్ళీ దెబ్బ పడి సన్నని పగులు రావడం. రెండో వేలు ఎముకకి ఇట్ల రావడం బ్యాలే వాళ్ళలో డాక్టర్లకి బాగా తెలిసిన సంగతే. నొక్కితే నొప్పి లేదు కదా అని డాక్టరు దగ్గరికి పోకుండా ఉండొద్దు, రెండు నెలలు ఉన్న నొప్పి ఎట్లైనా చూపించాల్సిందే. ఇంకోటి, ఎక్స్‌రేలో ఏమీ లేదు అంటే ఏమీ లేదని కాదు, ఈ పగుళ్ళు మొదట్లో ఎక్స్‌రేకి దొరకవు, నొప్పి అట్లనే ఉంటే ఎంఆర్ఐ తియ్యాలా అని నువ్వే అడుగు. పగులు ఉందని తేలితే సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు ఎగరడం దూకడం బంద్. అంతదాకా నొప్పి మాత్ర వేసి క్లాసులో నిలబెట్టడం మాత్రం వద్దమ్మా, మాత్ర నొప్పిని దాస్తుంది, పగులు పెద్దదవుతుంది.

ఎముకల డాక్టరుతో పాటు లేడీ డాక్టరుకి కూడా చూపించాల. ఇద్దరికీ రెండు విషయాలూ చెప్పాల, ఎముకల డాక్టరుకి నెలసరి సంగతి, లేడీ డాక్టరుకి కాలు సంగతి, డాన్స్ సంగతి, తిండి సంగతి. సిగ్గుపడి సగం చెప్తే వాళ్ళు సగమే చూస్తారు. హిమోగ్లోబిన్, థైరాయిడ్, విటమిన్ డి ఇట్లాంటివి రాస్తారు, కొన్ని ప్రశ్నలు పాపని ఒంటరిగా అడుగుతామంటారు, అడగనీ, అది వాళ్ళ పద్ధతి, మన పిల్లని అనుమానించడం కాదు. హార్మోన్ మాత్రలు ఇచ్చి నెలసరి తెప్పించేద్దాం అంటే మాత్రం తిండి సంగతి ఏంటి డాక్టర్ గారూ అని గట్టిగా అడుగు, ఎందుకంటే మాత్రతో వచ్చే రక్తస్రావం చూసి మనం బాగైపోయిందనుకుంటాం, లోపల ఎముక పరిస్థితి అట్లనే ఉండొచ్చు.

తిండి గురించి పెద్ద లెక్చర్ పెట్టొద్దు పాపకి. ఎంత తిన్నావు, ఎన్ని కేజీలున్నావు అనే మాటలు ఇంట్లో ఆపేయండి, వెయింగ్ మెషిన్ ఉంటే బీరువా పైన పడెయ్యి. మన సీమ తిండిలోనే ఆ పిల్లకి కావాల్సిందంతా ఉంది. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటుంది, సంగటి మానేసి పుల్కా తింటే సన్నబడతామని ఏ రీల్‌లో చూసిందో గానీ అది డాన్సర్ తిండి కాదు. సంగటి, పప్పు, ఊరిబిండి, గుడ్డు, పెరుగు, మాంసం తినే ఇల్లైతే నాటుకోడి. క్లాసుకి గంట ముందు ఒక అరటిపండో గుప్పెడు ఉడకబెట్టిన చెనిక్కాయలో, క్లాసు అయినాక వెంటనే పాలు, దాని తర్వాత భోజనం. ఖాళీ కడుపుతో క్లాసు వద్దు. నువ్వు కూడా ఆమెతో కూర్చొని తిను, అందరికీ పెట్టి చివర్లో నిలబడుకోని తినే అమ్మని చూస్తా పెరిగే పిల్ల అదే నేర్చుకుంటుంది.

తినమంటే గొడవ, తిన్నాక బాత్రూంలోకి పోయి వాంతి చేసుకోవడం, అద్దం ముందు గంటలు గంటలు, నలుగురితో కూర్చొని తినకుండా తప్పించుకోవడం, ఇవి కనిపిస్తే పిల్లల సైకాలజిస్టు దగ్గరికి తీసుకపోవాల, ఇది మొండితనం కాదు, జబ్బు. ఇదివరకటి పరిశోధనలన్నీ కలిపి చూసి 2014లో వేసిన ఒక రివ్యూలో డాన్సర్లకి ఈ తిండి జబ్బులు వచ్చే ప్రమాదం మిగతావాళ్ళకంటే దాదాపు మూడింతలు అని తేలింది, అందులో బ్యాలే వాళ్ళే ఎక్కువ. ఎందుకుండదు, ఒంటికి అతుక్కునే లియోటార్డ్ వేసుకొని, అద్దం ఎదురుగా, పక్కన ఇంకో పది మంది పిల్లలతో పోల్చుకుంటా రోజూ నిలబడాల. ఇంకో పక్క ఇంట్లో జేజి, పక్కింటి వాళ్ళు "ఏందే ఇట్ల ఎండిపోయినావు, రేపు నిన్ను ఎవరు చేసుకుంటారు" అంటారు. డాన్స్ వాళ్ళకి లావు, మనవాళ్ళకి సన్నం, రెండు వైపులా మాట్లాడేది ఆ పిల్ల ఒంటి గురించే. ఆమె ఎంత బాగా ఆడుతుందో చూసి చెప్పేవాళ్ళు ఇంట్లో ఒక్కరైనా ఉండాల కదా. నువ్వు ఉండు.

బండల సంగతి. బ్యాలే ఆడే స్టేజీ కింద చెక్క, దాని కింద ఫోమ్‌గానీ చెక్క పట్టీలుగానీ ఉంటాయి, దూకి దిగినప్పుడు నేల కొంచెం లోపలికి పోయి ఆ దెబ్బని తీసుకుంటుంది. మన కడప బండ ఎంత చల్లగా ఎంత బాగుంటుందో మనకి తెలుసు, కానీ అది ఒక్క వెంట్రుకవాసి కూడా లోపలికి పోదు, దెబ్బంతా తిరిగి పాదానికి, పిక్క ఎముకకి, మోకాలికే వస్తుంది, పాలిష్ పట్టిన బండైతే జారుతుంది కూడా. డాక్టరు ఒప్పుకున్నాక కూడా ఇంట్లో దూకుళ్ళు వద్దు. ప్లియే (మోకాళ్ళు వంచడం), తాందు (పాదాన్ని నేల మీద జార్చుతూ కాలు చాపడం) లాంటి నిలబడి చేసేవి, స్ట్రెచింగ్, కింద పడుకొని చేసే ఎక్సర్‌సైజులు చాలు. కింద రబ్బర్ మ్యాట్లు పరిచి వాటి మీద మందం ప్లైవుడ్ షీట్ వేయించుకుంటే కొంత మేలు, అంచులు కదలకుండా చూసుకోవాల. దానికంటే మంచిది, ఊర్లో చెక్క ఫ్లోరున్న ఇండోర్ షటిల్ కోర్టు ఏదైనా ఉందేమో కనుక్కో, మధ్యాహ్నం పూట ఖాళీగా ఉంటుంది, గంటకింత అని మాట్లాడుకోవచ్చు.

ఆన్‌లైన్ క్లాసులో ఇంకో ఇబ్బంది ఉంది. ఫోన్ టీవీ స్టాండ్‌కి ఆనించి పెడ్తే టీచర్‌కి కనిపించేది మొహం, చేతులే, పాదాలు ఫ్రేమ్‌లో ఉండవు. బ్యాలేలో తప్పంతా కిందే జరుగుతుంది. కాళ్ళు రెండూ బయటికి తిప్పి నిలబడతారు కదా, టర్న్అవుట్ అంటారు, అది తుంటి కీలు నుంచి రావాల. తుంటి ఎముక ఎంత తిరుగుతుందనేది చాలావరకు పుట్టుకతో వచ్చేది, కొంతమందికి ఎక్కువ, కొంతమందికి తక్కువ. తక్కువ ఉన్న పిల్ల పక్కపిల్లతో సమానంగా కనిపించాలని పాదాల్ని నేలకి పట్టించి బలవంతంగా తిప్పితే మోకాలు మెలిపడుతుంది, పాదం లోపలికి కుంగుతుంది. నువ్వే చూడొచ్చు, ప్లియేలో మోకాలు వంచినప్పుడు మోకాలిచిప్ప రెండో వేలు ఎటు చూస్తుందో అటే చూడాల, లోపలికి వాలుతుంటే ఆపు. ఫోన్ కింద పెట్టి పాదాలు పక్క నుంచి కనిపించేట్టు ఒక్కో క్లాసులో కొంతసేపైనా చూడమని టీచర్‌ని అడుగు.

పాయింట్ షూస్, అంటే కాలివేళ్ళ కొనల మీద నిలబడి ఆడడానికి వేసుకునే షూస్, ఉత్తరంలో నువ్వు రాయలేదు గానీ నల్లబడిన గోర్లు చూస్తే వేసుకుంటాందనే అనుకుంటున్నా. ఆ షూ ముందుభాగంలో గట్టిగా ఉండేది చెక్క అనుకుంటారు చాలామంది, చాలావరకు అవి గుడ్డ, కాగితం పొరలు, జిగురు. చెమటకి, వేడికి ఆ జిగురు మెత్తబడిపోతుంది, మన కడప ఎండల్లో ఎంతకాలం నిలుస్తుందో చెప్పక్కర్లేదు, పెద్ద పెద్ద కంపెనీల్లో ఆడే డాన్సర్లు ఒక్క షోకే ఒక జత అరగ్గొట్టేస్తారు. మెత్తబడిన షూ మీద నిలబడితే చీలమండ అదుపు తప్పుతుంది. ఇవి ఆన్‌లైన్‌లో సైజు చూసి తెప్పించుకునేవి కాదు, తెలిసిన మనిషి కాలికి తొడిగి చూడాల, ఎదిగే కాలు కాబట్టి మళ్ళీ మళ్ళీ చూడాల. టీచర్ పక్కన లేకుండా ఇంట్లో అసలు వేసుకోవద్దు, అంతే. గోర్లు నల్లబడేది లోపల రక్తం గడ్డకట్టి, నేరుగా కత్తిరించి ఉంచుకుంటే అవే పోతాయి, చీము పడితేనో కాలు వాచితేనో చూపించండి.

ఇంతసేపూ భయపెట్టినట్టుంది. కానీ నేను ఈ కళకి వ్యతిరేకిని కాదు, చాలా ఇష్టం కూడా. కడుపు నిండా తిని సరైన నేల మీద నేర్చుకుంటే బ్యాలే పిల్లలకి ఇచ్చేది చిన్నది కాదు, నడుము నిటారుగా నిలుస్తుంది, కాళ్ళలో బలం, బ్యాలెన్సు, తాళం, ఎంత పొడుగు వరసైనా గుర్తుపెట్టుకునే జ్ఞాపకం. గిరగిరా తిరిగినా కళ్ళు తిరగకుండా ఉండడానికి వాళ్ళు చూపుని ఒకచోట నిలిపి తలని చివర్లో టక్కున తిప్పుతారు, ఏళ్ళ తరబడి చేస్తే మెదడే ఆ తిప్పుడికి అలవాటు పడి మారుతుందని లండన్ ఇంపీరియల్ కాలేజీ వాళ్ళు 2013లో చూపించినారు. ఎనిమిదేళ్ళప్పుడు మొదలుపెట్టి ఇన్నేళ్ళు వదలకుండా చేసిన పిల్ల, ఆ పట్టుదలని మనమే తుంచేయకూడదు. మాన్పించినంత మాత్రాన తిండి సంగతి తీరదు, ఇంకా ముదరొచ్చు కూడా.

కూచిపూడి నేర్పించమన్న మీ అత్త మాట తప్పని నేననను, నేర్చుకుంటే బాగుంటుంది. కానీ ఒళ్ళు కాపాడుకోవడానికి డాన్స్ మారిస్తే సరిపోదు, అందులోనూ మోకాళ్ళు వంచి బయటికి తిప్పి అరమండి కూర్చోవాల, చెప్పుల్లేకుండా నేల మీద దబదబా కొట్టాల, అదే బండ మీద. ఇంక మనది, వాళ్ళది అనే గొడవకైతే అత్తకి రుక్మిణీదేవి కథ చెప్పు. రష్యా నుంచి వచ్చిన బ్యాలే డాన్సర్ అన్నా పావ్లోవాని చూసి మురిసిపోయి, ఆమె బృందంలోని క్లియో నార్డి దగ్గర బ్యాలే నేర్చుకుంది రుక్మిణీదేవి. మీ దేశపు నాట్యం వైపు చూడమ్మా అని ప్రోత్సహించింది ఆ పావ్లోవానే. తర్వాత ఈమె భరతనాట్యం నేర్చుకొని 1936లో మద్రాసులో కళాక్షేత్ర అనే నాట్యం నేర్పే సంస్థ పెట్టింది. బట్టల గురించే అత్తకి బాధైతే ఇంట్లో టీషర్టు, లెగ్గింగ్స్ వేసుకొని చేస్తే పోయేదేం లేదు, ఆ లియోటార్డ్ ఒంటి లైన్ టీచర్‌కి కనిపించడానికే. ఒకరోజు అత్తని క్లాసు జరిగేటప్పుడు పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టు, మనవరాలి కష్టం కళ్ళారా చూస్తే మెత్తబడొచ్చు. ఇంకో మాట, బెంగళూరు క్లాసులో టీచర్ చెయ్యి వేసి సరిచేయడం బ్యాలేలో మామూలే, కానీ అడిగి వెయ్యాల, నచ్చకపోతే వద్దు అనే హక్కు తనకుందని పాపకి నువ్వే చెప్పిపెట్టు.

ఆయనకి కూడా ఒక మాట చెప్పు. చిన్నోడు కాలు లేపితే తిట్టాల్సిన పనేం లేదు. ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ 1653లో సూర్యుడి వేషం కట్టి తనే బ్యాలే ఆడినాడు, 1661లో డాన్స్‌కి అకాడమీ పెట్టించినాడు, పారిస్ ఒపేరా స్టేజీ మీద వృత్తిగా ఆడే ఆడవాళ్ళు వచ్చింది 1681లో, అంతదాకా ఆ స్టేజీ మీద ఆడవేషాలు కూడా మగవాళ్ళే కట్టినారు. అంత దూరం ఎందుకు, ముంబైలో వెల్డింగ్ పనిచేసే ఆయన కొడుకు అమీరుద్దీన్ షా 2017లో లండన్ రాయల్ బ్యాలే స్కూల్‌కి పోయినాడు. పిల్లోడిని ఎగరనీ, రేపు వాడే మర్చిపోవచ్చు, మర్చిపోకుంటే అప్పుడు చూద్దాం.

రంగు గురించి పాప ఎప్పుడైనా నీతో మాట్లాడిందా? మన పిల్లలు లేత గులాబీ రంగు టైట్స్, షూస్ వేసుకొని అద్దంలో చూసుకుంటే కాళ్ళు వేరే, చేతులు వేరే రంగులో కనిపిస్తాయి. అవి తెల్లవాళ్ళ చర్మానికి కలిసేట్టు పెట్టిన రంగులు. లండన్‌లో బ్యాలే బ్లాక్ అనే బృందంతో కలిసి ఫ్రీడ్ కంపెనీ గోధుమ రంగు పాయింట్ షూస్ తెచ్చింది 2018లో, అంటే నిన్న మొన్న. అమెరికాలో మిస్టీ కోప్‌లాండ్ అనే నల్లజాతి అమ్మాయి 13 ఏళ్ళకి మొదలుపెట్టింది, ఒళ్ళు బ్యాలేకి సరిపోదన్నారు, తిండితో ఆమె కూడా అవస్థ పడింది, కాలి ఎముకలో స్ట్రెస్ ఫ్రాక్చర్లు వచ్చి ఆపరేషన్ అయింది, లేచి నిలబడి 2015లో అమెరికన్ బ్యాలే థియేటర్‌లో ప్రిన్సిపల్ డాన్సర్, అంటే ఆ బృందంలో అన్నిటికంటే పై స్థాయి డాన్సర్ అయింది. ఆమె కథ పాపకి చెప్పు, ముఖ్యంగా ఆగి, మాన్చుకొని, మళ్ళీ మొదలుపెట్టిన భాగం.

ఫ్రెండ్స్ లేరన్నావు చూడు, నాకు కాలు నొప్పి కంటే తక్కువ బాధ అనిపించలేదు అది. ఊరు మారింది, సాయంత్రాలన్నీ ఫోన్ ముందే, ఆ స్కూల్లో తనేం చేస్తుందో అర్థమయ్యేవాళ్ళు లేరు. కాలికి రెస్ట్ ఇచ్చే ఈ వారాల్లో డాన్స్ కూడా లేకపోతే ఇంకా ఒంటరిదైపోతుంది, కాబట్టి ఇప్పుడే ఏదో ఒకటి పెట్టు. క్లాసులో ఇద్దరు ముగ్గురు అమ్మాయిల్ని ఇంటికి పిలువు, లేదా అందర్నీ ఏడురోడ్ల వైపు తీసుకపోయి కారం దోసె తినిపించు, నువ్వు పక్క టేబుల్లో కూర్చో. వారంలో ఒక సాయంత్రం క్లాసు లేకుండా ఖాళీ ఉంచు, అది తర్వాత కూడా అట్లనే ఉంచు. వచ్చే ఏడు టెన్త్ కూడా ఉంది, చదువు వదిలేయడం కుదరదు, ఎంత పెద్ద డాన్సర్లయినా పారిస్ ఒపేరాలో 42 ఏళ్ళకి రిటైరవ్వాల్సిందే, చాలామంది ఇంకా ముందే ఆపేస్తారు, మన దేశంలో బ్యాలే మీద బతకగలిగే ఉద్యోగాలు చాలా తక్కువ. ఇది పాపకి భయం పెట్టడానికి కాదు, ఇద్దరూ తెలిసి మాట్లాడుకోవడానికి.

ఇప్పుడు ఈ ఉత్తరం పక్కన పెట్టి మొదట బెంగళూరు టీచర్‌కి మెసేజ్ పెట్టు, కాలు నొప్పి, నెలసరి ఆగింది, డాక్టరు చెప్పేదాకా దూకుళ్ళు, పాయింట్ ఉండవు, కూర్చొని చేసేవి ఇవ్వండి అని. మంచి టీచర్ అయితే వెంటనే ఒప్పుకొని తనే ఎక్సర్‌సైజులు మార్చి ఇస్తుంది. బరువు తగ్గితే నొప్పి పోతుంది అని జవాబొస్తే ఆ క్లాసు ఫీజు ఇంక కట్టొద్దు, వేరే టీచర్‌ని వెతుకుదాం. తర్వాత పాపని కూర్చోబెట్టి, మాన్పించట్లేదు, కాలు బాగుచేయించుకోని మళ్ళీ పోదాం అని చెప్పు, ఆ మాట విన్నాకే డాక్టరు దగ్గర నిజం చెప్తుంది. రిపోర్టులు వచ్చినాక నాకు మళ్ళీ రాయి.